ఉమ్మగిలనీ

స్టౌర్‌బ్రిడ్జ్‌లో కాలువ పక్కన రేకుల షెడ్డు.
బల్ల కింద పదకొండు జామ్ సీసాల నిండా
కోతల్లో మిగిలిన గాజు ముక్కలు.
చీటీల మీద గ్లెనిస్ చేతిరాత:
తొంభై. తొంభై. తొంభై ఆరు.
ఆఖరి సీసా మీద మాత్రం
"దేవుడికే తెలియాలి".

తొంభై అంటే ధర కాదు, వయసూ కాదు.
వేడికి ఆ గాజు ఎంత ఒళ్లు విరుచుకుంటుందో
చల్లారుతూ ఎంత ముడుచుకుంటుందో
ఆ లెక్క.
ఒకే లెక్కవైతేనే ఒక పళ్లెంలో కలిసి బతుకుతాయని
మొదటిరోజే చెప్పింది.
తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

మా భాషలో గాజంటే
చేతికి వేసుకునేది కూడా, అన్నాను.
"దాని లెక్కెంత?" అంది.
తెలీదన్నాను.
ఆమె చూపు ఆఖరి సీసా మీదికి పోయింది.

నెల తిరక్కుండానే ఆ సీసాలోంచి
ఒక్క ముక్క దొంగిలించాను.
చింతచిగురు రంగు. గోరంత.
ఏ చర్చి కిటికీ బాగుచేతలో రాలిందో.
నీలాల మధ్య పెట్టి బట్టీకెక్కిస్తే
బుద్ధిగా కరిగింది,
బుద్ధిగా అంచులు గుండ్రం చేసుకుంది.
పళ్లెం ఇంటికి తెచ్చి గూట్లో నిలబెట్టి
ముగ్గురికి ఫొటో పంపాను.

నాలుగో రాత్రి వంటింట్లో టక్కున చప్పుడు.
ఎవరూ ముట్టుకోలేదు. మాకు పిల్లి కూడా లేదు.
పచ్చముక్క చుట్టూ నెలవంకలా బీట.
నాలుగు రోజులు ఉగ్గబట్టుకుంది పాపం,
ఇమడలేనని చెప్పడానికి.

గ్లెనిస్ తిట్టలేదు.
గుడ్డలో చుట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసి
ఆ ముక్కల్ని ఆఖరి సీసాలోకి వొంపింది:
"దానికీ తోడు దొరికింది."

ఈ శనివారం తొంభై సీసాలన్నీ బోర్లించాం.
గుండ్రంగా కోసిన ప్రతి బిళ్లకీ
నాలుగు మూలలు మిగులుతాయి కదా,
ఆ మూలలు. పటకారు కొరికిన నూకలు.
ఎవరో సగంలో వదిలేసిన చేప తోక.
కలగూరగంప.
"అన్ని రంగులూ వేశావంటే బురదే" అని
సగానికి సగం రంగులేని గాజు కలిపింది.
అడుగున చిల్లున్న పూలకుండీలో నింపి
బట్టీలో ఎత్తుగా నిలిపాం.
కరెంటు చవకయ్యేది అర్ధరాత్రి దాటాక.
అప్పుడు నొక్కాం స్విచ్చు.

తొమ్మిది వందలు దాటాక
చిల్లులోంచి తీగపాకంలా జారుతుందట.
చూడలేదు. చూడనివ్వదు.
తెల్లారి డబ్బా మీద అంకె ఐదొందలకి దిగొచ్చి
అక్కడే కూర్చుంది, కదలదు.
మూత మీదికి పోయిన నా చెయ్యి
ఆమె మోచేతికి తగిలి వెనక్కొచ్చింది.

అన్నం ఉడికాక మంట ఆర్పేసి
మూత తీయకుండా వదిలేస్తామే,
తన వేడిలో తనే సర్దుకోడానికి,
ఆ మాటకి ఇంగ్లీషు వెతికాను. దొరకలేదు.
మాటే ఇచ్చేశాను: ఉమ్మగిలడం.
రెండుసార్లు పలికింది, రెండుసార్లూ "మ్మ" దగ్గర జారింది.
లెక్కల పుస్తకంలో ఐదొందల పక్కన
తన అక్షరాల్లో రాసుకుంది.

ఆదివారం రాత్రి తెరిచాం.
సుడులు. నీలం తేనెరంగుని తోసుకుంటూ,
ఎరుపు ఒకచోట అలిగి గోధుమరంగు తిరిగి,
చేప తోక జాడే లేదు.
ఓ పక్క మాడిన అట్టులా ఉంది.
అది నాకు నచ్చింది. ఆమెకి నచ్చలేదు.

వంకర అంచులు కోసేస్తే
మళ్లీ అయిదు ముక్కలు.
ఖాళీ సీసా కడిగి తుడిచి
ఈసారి చీటీ నేనే అంటించాను, తెలుగులో: తొంభై.
గ్లెనిస్ కళ్లజోడు నుదుటికి తోసి
అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఇదెవరు చదవాలి?"

ముక్కలు ఒక్కొక్కటే వేస్తున్నాను.
ఖాళీ సీసా, చప్పుడు పెద్దది.